ఎడమ దిక్కు బటన్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై తొమ్మిది రోజులైంది. గోదావరిఖనిలో బొగ్గు బాయిలు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. చౌరస్తా వెనక సందులో శాలిని నడిపే డీటీపీ షాపుకు కూడా పని లేకుండా పోయింది. పెళ్ళి కార్డులు అచ్చు వేయించుకునేవాళ్ళు లేరు, బయోడేటాలు కొట్టించుకునేవాళ్ళు లేరు. సమ్మెకు వారం ముందే కొన్న కొత్త కంప్యూటర్‌ను షట్టర్ వెనక వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు. తండ్రి సామ్యేల్ దాన్ని తన డ్యూటీ సైకిల్ క్యారియర్‌కు కట్టాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని నడిపించుకుంటూ క్వార్టర్‌కు తెచ్చారు.

సామ్యేల్ హాలేజ్ ఆపరేటర్. బాయి లోపల బొగ్గు టబ్బుల్ని ఇనుప తాడుతో లాగే మోటర్ దగ్గర ముప్పై ఏళ్ళుగా పని. మూడు షిఫ్టులకు అలవాటుపడ్డ ఒళ్ళు. ఇప్పుడు ఏ వేళకు తినాలో ఏ వేళకు పడుకోవాలో తెలియక ఇల్లంతా తిరుగుతున్నాడు. ఆ తిరుగుడులోనే ఒక పొద్దున అటక మీది సామాను దించడం మొదలుపెట్టాడు.

"బిడ్డా, గీ డొక్కు కంప్యూటర్ ఇంకెన్నాళ్ళు దాచుతవ్? పాత సామానోనికి ఏసెయ్యనా?"

శాలిని వంటింట్లోంచి ఉరికొచ్చింది. పసుపు పచ్చగా మారిన ఆ డబ్బాను తండ్రి చేతుల్లోంచి తీసుకుని నేల మీద పెట్టింది. మూత మీది దుమ్మును చున్నీతో తుడిచింది.

"ఆగు బాపూ. దీన్ల నాదొకటి ఉన్నది."

అది వీర్రాజు సార్ వాళ్ళ కంప్యూటర్. తణుకు వైపు నుంచి బొగ్గు కంపెనీకి వచ్చిన ఎలక్ట్రికల్ ఇంజనీర్ ఆయన. ఆఫీసర్ల బంగళాల్లో ఉండేవాళ్ళు. ఆయన కూతురు హాసినీ, శాలినీ మిషన్ బడిలో ఏడో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బడి వదలగానే శాలిని బంగళాకు వెళ్ళేది. బయట నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుని గాని లోపలికి అడుగుపెట్టేది కాదు. కడుక్కోమని హాసిని తల్లి చంద్రమతి ఏనాడూ అనలేదు. కానీ ఆ తెల్లటి గచ్చు చూస్తే శాలినికే కాళ్ళ నల్లదనం కనబడేది.

ఆ కంప్యూటర్‌లో ఒక ఆట ఉండేది. చేతుల్లో లాంతర్లు పట్టుకుని రాతి గుహల్లో చిక్కుకున్న ఇద్దరు చిన్న మనుషులు. ఒకడు ఒక రాయి మీద నిలబడితే ఇంకొకడికి తలుపు తెరుచుకుంటుంది. అవతలికి వెళ్ళినవాడు అక్కడి మీట నొక్కితే గాని మొదటివాడికి దారి లేదు. అందుకని ఒక్కరే ఆడితే సాగేది కాదు. ఎడమ దిక్కు బటన్లు హాసినివి, కుడి దిక్కు బాణం గుర్తులు శాలినివి. ఒకే కుర్చీలో చెరి సగం కూర్చునేవాళ్ళు. ఇరవై నాలుగు గుహల్లో పదిహేడు దాటారు. పద్దెనిమిదో దాని దగ్గర ఆగిపోయారు.

తొమ్మిదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో వీర్రాజు సార్ కంపెనీ ఉద్యోగం వదిలేసి, కోస్తాలో ఏదో ప్రైవేటు కరెంటు ప్లాంటుకు వెళ్ళిపోయాడు. సామాను లారీకెక్కించేటప్పుడు ఆ కంప్యూటర్‌ను పక్కన పెట్టించి, "ఇది శాలినికి ఇవ్వండి, దీని మీద మా అమ్మాయి కంటే తనకే ధ్యాస ఎక్కువ" అన్నాడు. దాని మీదే శాలిని టైపు నేర్చుకుంది. దాని మీదే తెలుగు అక్షరాలు కొట్టడం నేర్చుకుని ఇవాళ సొంత షాపు నడుపుతోంది. మొదటి ఏడాది హాసినికి ఆరు ఉత్తరాలు రాసింది, నాలుగింటికి జవాబులొచ్చాయి. ఏడో ఉత్తరం, ఆ చిరునామాలో ఎవరూ లేరని రాసి ఉండి తిరిగొచ్చింది. ఇంకో నాలుగేళ్ళకు కంప్యూటర్‌లోంచి పొగ వచ్చి అది కూడా ఆగిపోయింది.

"ఆట బతికుంటదా గిన్నేండ్లకు?" అన్నాడు సామ్యేల్, సంగతి విన్నాక.

"చూద్దాం బాపూ. డిస్క్ తిరిగితే చాలు."

స్క్రూలు విప్పి లోపలి హార్డ్ డిస్క్ తీసింది. పాత డిస్కుల్ని కొత్త కంప్యూటర్‌కు తగిలించే కేబుల్ షాపులో ఉంది. సామ్యేల్ సైకిలెక్కి వెళ్ళి తెచ్చాడు. ఇంతలో కరెంటు పోయింది. సమ్మెతో బొగ్గు లేక ఎప్పుడు తీస్తారో ఎప్పుడిస్తారో తెలియని రోజులు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు వచ్చాక డిస్క్‌ను తగిలించింది. అది టిక్కు టిక్కుమని రెండుసార్లు కొట్టుకుని, తర్వాత సన్నగా తిరగడం మొదలుపెట్టింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఆట ఉన్న ఫోల్డర్ కూడా వచ్చింది. ముందుగా దాన్ని కాపీ చేసుకుని, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంది.

నొక్కితే ఆట తెరుచుకోలేదు. ఈ ప్రోగ్రాం మీ విండోస్‌కు సరిపోదు అని ఒక చిన్న డబ్బా వచ్చింది. పాత విండోస్ లాగా నడవమని సెట్టింగ్ మార్చి చూసింది. మళ్ళీ అదే డబ్బా. డాంగిల్ పెట్టి నెట్‌లో వెతికితే కారణం తెలిసింది. ఆ ఆట ఏ కాలపు కంప్యూటర్ల కోసం రాశారో ఆ కాలపు ప్రోగ్రాంలను ఈ కొత్త విండోస్ అసలు లోపలికే రానివ్వదు.

మర్నాడు షాపుకు వెళ్ళి, సగం షట్టర్ ఎత్తి, అక్కడున్న పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో వేసి చూసింది. అది లోపలికి రానిచ్చింది. తెర నల్లబడింది. ఆ నల్ల తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే ఒక వరుస పడింది. రన్‌టైమ్ ఎర్రర్ 200. అంతే, బయటికి తోసేసింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ అదే.

ఇంటికొచ్చి మళ్ళీ నెట్‌లో కూర్చుంది. ఎవరెవరో ఎక్కడెక్కడి వాళ్ళో అదే అంకె గురించి రాసుకున్నారు. కరెంటు పోయేలోపు చదివింది. పోయాక, చదివింది అర్థం చేసుకుంటూ గడప మీద కూర్చుంది. సామ్యేల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏందట బిడ్డా రోగం?"

"ఆట మొదలయ్యేటప్పుడు కంప్యూటర్ ఎంత వేగమున్నదో కొలుస్తది బాపూ. రెప్పపాటుల ఎన్నిసార్లు లెక్కపెట్టగలుగుతదో చూస్తది. అప్పటి కంప్యూటర్లు కొన్ని వేలు లెక్కపెట్టేవి. ఇప్పటివి లక్షలు దాటుతయి. గంత పెద్ద అంకె వస్తదని ఆట రాసినోడు అనుకోలే. దానికి జాగ పెట్టలే. గందుకే ఆగిపోతున్నది."

సామ్యేల్ నవ్వాడు. "గంతే గదా! మా హాలేజ్‌కు కొత్త మోటర్ పెట్టినప్పుడు గట్లనే అయింది. టబ్బులు పాతయి, పట్టాలు పాతయి. మొదటి షిఫ్టులనే నాలుగు టబ్బులు పట్టాలు దిగినయ్. ఇంజనీర్లొచ్చి మోటర్ తీసెయ్యాలె అన్నరు. వీర్రాజు సార్ ఏమన్నడో ఎరుకేనా? మోటర్ ఉండనియ్యండి, దాని వేగం తగ్గియ్యండి అన్నడు."

"తగ్గియ్యొచ్చు బాపూ. దానికొక సాఫ్ట్‌వేర్ ఉన్నదట. కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ ఉన్నట్టు ఆటను నమ్మిస్తదట."

డాస్‌బాక్స్ అనే ఆ సాఫ్ట్‌వేర్ చిన్నదే. దించుకోవడానికి మాత్రం, డాంగిల్ సిగ్నల్ కోసం కిటికీలో వేలాడదీసి, ఒక పూట పట్టింది. దాన్ని నడపడానికి చిన్నప్పటి లాగే నల్ల తెర మీద అక్షరాలు కొట్టాలి. ఆ మాటలు తనకు గుర్తున్నాయని శాలినికి తెలియదు. వేళ్ళు మాత్రం వాటంతట అవే కొట్టుకుపోయాయి. ఎర్రర్ రాలేదు. గుహ బొమ్మ వచ్చింది. రంగులు అవే. కాని మనుషులు బురదలో నడుస్తున్నట్టు ఒక్కో అడుగూ వేశారు. కంట్రోల్ బటన్ పట్టుకుని వేగం కొంచెం పెంచింది. ఈసారి పిచ్చెక్కినట్టు ఉరికారు. కొంచెం తగ్గించింది. మళ్ళీ పెంచింది. ఎంత వేగం సరైనదో ఏ పుస్తకంలోనూ ఉండదు. లాంతరు మనిషి మెట్టెక్కేటప్పుడు హాసిని "హమ్మ" అనేంత సేపు పట్టేది. ఆ కొలతతోనే సరిచేసింది.

చప్పుడు రాలేదు. సెటప్ తెరిచి సౌండ్ కార్డు అంకెలు ఒక్కొక్కటే మార్చుతూ పోతే ఐదోసారికి టుయ్ టుయ్‌మని ఆ పాట మోగింది. వంటింట్లోంచి తల్లి యేసమ్మ కేకేసింది.

"గదేం సప్పుడే? ఎన్నడో ఇన్నట్టున్నది!"

శాలిని తెర దగ్గరికి జరిగింది. తెర మీద దాచిన ఆటల పట్టిక ఉంది. అందులో ఒకే వరుస. హాసి శాలు, గుహ పద్దెనిమిది.

"బాపూ, ఇటు రా. గీ ఎడమ దిక్కు బటన్లు నువ్వు వట్టు."

"నాకేమొస్తది బిడ్డా?"

"ఇది జరుపుతది, ఇది దుంకిస్తది. గంతే."

సామ్యేల్ కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీ లాక్కున్నాడు. బొగ్గు గీతలు పడ్డ లావుపాటి వేళ్ళు ఒక్క బటన్ నొక్కబోతే రెండు నొక్కుకున్నాయి. అతని లాంతరు మనిషి ఎగిరి నేరుగా గుంటలో పడ్డాడు.

"అరే, పడ్డడు! పైకి తియ్యరాదా?"

"తియ్యరాదు బాపూ. మళ్ళ మొదటి నుంచి."

మూడు రోజులు తండ్రీ కూతురూ కరెంటున్నప్పుడల్లా ఆడారు. సామ్యేల్‌కు పట్టుదల వచ్చింది. అన్నం తింటూ కూడా ఏ రాయి మీద ఎవరు నిలబడాలో చెప్పేవాడు. కాని శాలినికి పక్కన వినబడాల్సిన గొంతు వేరే. ప్రతి గుంట దగ్గరా ఆమె చెవి దాని కోసమే ఎదురుచూసేది. నాలుగో రోజు గుహ పద్దెనిమిది తలుపు తెరుచుకుంది. సామ్యేల్ చప్పట్లు కొట్టాడు. శాలిని లేచి పెరట్లోకి వెళ్ళింది. బండ మీద బట్టలు ఉతుకుతున్న తల్లి తలెత్తి చూసింది.

"ఏడుస్తున్నవా?"

"లేదవ్వా."

"నీ దోస్తు యాదికొచ్చిందా?"

శాలిని ఉతికిన బట్ట ఒకటి తీసి పిండసాగింది.

"ఫోన్ చెయ్యరాదే?"

"నంబరెక్కడిది? ఉన్నా గిప్పుడు ఎట్ల చేస్త? సమ్మెల ఉన్నం మనం. వాళ్ళు ఆంధ్రోళ్ళు. ఏమనుకుంటరో."

"ఏమనుకుంటరు? దోస్తుకు దోస్తు ఫోన్ చేసిందనుకుంటరు," అని యేసమ్మ చీర జాడించింది.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న సామ్యేల్ సైకిల్ తీశాడు. కంపెనీలో క్లర్కుగా చేసి రిటైరైన సదయ్యకు వీర్రాజు సార్ ఏటా జనవరి ఒకటిన ఫోన్ చేస్తాడని అతనికి తెలుసు. గంట తర్వాత చొక్కా జేబులోంచి సిగరెట్ అట్ట తీసి కూతురి చేతిలో పెట్టాడు. దాని వెనక పది అంకెలు.

ఫోన్ ఎత్తింది చంద్రమతి. "ఎవరమ్మా? శాలినా! సామ్యేల్ గారి అమ్మాయివి కదూ! ఎన్నేళ్ళయిందమ్మా! అక్కడంతా కులాసానా? టీవీలో చూస్తున్నాం..." అంటూ అక్కడ ఆగింది. "అందరం బాగున్నం ఆంటీ," అంది శాలిని. చంద్రమతి హాసిని నంబరు చెప్పింది. హాసినికి పెళ్ళయింది, రాజమండ్రిలో బ్యాంకులో చేస్తోంది.

"శాలూ? ఏవే, నువ్వేనా? నిజంగా నువ్వేనా?"

ఆ గొంతు మారలేదు. శాలిని గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఎవరికి పిల్లలు, ఎవరికి పెళ్ళి, ఎవరి జుట్టు రాలిపోయింది, అన్నీ అయ్యాయి. అప్పుడు చెప్పింది.

"హాసీ, మన ఆట మళ్ళ నడిపిచ్చిన. పద్దెనిమిదో గుహ దాటిన."

"ఏ ఆట?"

"లాంతర్ల ఆట. మీ ఇంట్ల, కంప్యూటర్‌ల. నువ్వు ఎడమ దిక్కు, నేను కుడి దిక్కు."

"మా ఇంట్లో కంప్యూటర్... ఆఁ, ఉండేది, నాన్నగారు ఆఫీసు పని చేసుకునేవారు. ఆట ఆడేవాళ్ళమా మనం? సారీనే, నాకసలు గుర్తు రావడం లేదు."

శాలిని గుహల్ని, రాళ్ళని, "హమ్మ" అనడాన్ని చెప్పబోయి ఊరుకుంది. చెబితే హాసిని మర్యాదకు గుర్తుందని అంటుందేమో. అది ఇంకా కష్టం.

"పోనీ తియ్యి. చిన్నప్పటి ముచ్చట."

"లేదు, ఆగు. నాకు గుర్తున్నది చెప్పనా? ఆ సైరన్ మోగిన రోజు."

"వేళగాని వేళ మోగింది. బాయిల పైకప్పు కూలింది. బాపు లోపలుండె."

"నాన్నగారు కూడా దిగారు ఆ రోజు. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. నేనొక్కదాన్నే బంగళాలో. గేటు పట్టుకుని ఏడుస్తున్నాను. నువ్వొచ్చావు."

"నేనా? నేను అవ్వతోని బాయి మీదికి పోయిన గదా."

"లేదే. నువ్వు నా దగ్గరికొచ్చావు. మెట్ల మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడలు వేశావు. వేసి, విప్పి, మళ్ళీ వేశావు. సాయంత్రం ఆరున్నరకి నాన్నగారు గేటు తీసేదాకా అదే పని. అప్పుడుగాని నువ్వు లేవలేదు. మీ నాన్న కూడా లోపలే ఉన్నారని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది శాలూ. మా పాపకి జడ వేసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. ఎన్నిసార్లు అనుకున్నానో ఫోన్ చేద్దామని. ఏం ముఖం పెట్టుకుని చెయ్యను, ఉత్తరాలు మానేసింది నేనే కదా."

ఫోన్ పెట్టేశాక శాలిని తల్లి దగ్గరికి వెళ్ళింది. యేసమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

"అవ్వా, బాయిల పైకప్పు కూలిన్నాడు నేను నీతోని వచ్చిన్నా?"

"యాడొచ్చినవ్? నేనొక్కదాన్నే పోయిన. తొవ్వ పొడుగూత నిన్ను తిట్టుకుంట పోయిన. మీ బాపు పైకొచ్చినంక అడిగిండు, బిడ్డేదని. ఎటో సచ్చింది అన్న." యేసమ్మ రాయి ఏరి పారేసింది. "గప్పుడే వీర్రాజు సార్ మన్నుతోని మొకమంత నల్లగైపోయి, నిన్ను సైకిల్ మీద ముందర కూసోబెట్టుకోని తోలుకొచ్చిండు. నా ముంగట నిలవడి రెండు చేతులు జోడిచ్చిండు. నాకేం సమజ్ గాలే."

శాలిని ఎంత తవ్వుకున్నా ఆ మెట్లు గుర్తు రాలేదు. చేతుల్లో హాసిని జుట్టు గుర్తు రాలేదు. బాయి మీద గుంపులో తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డట్టే ఇప్పటికీ కళ్ళ ముందు కనబడుతుంది. ఎవరో చెప్పగా విన్నది అలా స్థిరపడిపోయి ఉంటుంది.

ఆటను సీడీలో వేసి రాజమండ్రికి పంపుదామని ఒకసారి అనుకుంది. పంపలేదు. హాసిని కూడా అడగలేదు.

సమ్మె అయిపోయింది. సామ్యేల్ మొదటి షిఫ్టుకు దిగాడు. షాపు తెరుచుకుంది. హాసిని ఆదివారాలు ఫోన్ చేసేది. తర్వాత రెండు వారాలకొకసారి అయింది. రాష్ట్రం గొడవ ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. దాని చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు.

డిసెంబరులో ఒక రోజు హాసిని గొంతు హడావిడిగా వినిపించింది. "బ్యాంకు ట్రైనింగుకి నాగపూర్ వెళ్తున్నానే. రేపు మధ్యాహ్నం బండి రామగుండంలో ఆగుతుందట. రెండు నిమిషాలు. వస్తావా?"

యేసమ్మ తెల్లారకముందే లేచి సకినాలు చేసింది. శాలిని గంట ముందే స్టేషన్‌కు చేరింది. హాసిని చెప్పిన బోగీ ఎక్కడ ఆగుతుందో ఇద్దరు పోర్టర్లను అడిగి, అక్కడ నిలబడింది. బండి వచ్చి, ఆ బోగీ ఆమెను దాటుకుని చాలా ముందుకు పోయి ఆగింది. సకినాల డబ్బాను గుండెకు హత్తుకుని ఉరికింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. తలుపు దగ్గర ఒక లావుపాటి ఆవిడ కమ్మీ పట్టుకుని కిందికి వంగి అటూ ఇటూ చూస్తోంది. ఒకరినొకరు పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది.

హాసిని దిగబోయింది. వెనక నుంచి ఎవరో సూట్‌కేసుతో అడ్డొచ్చారు. అక్కడి నుంచే చెయ్యి చాపింది. శాలిని ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చిక్కిపోయావే."

"నువ్వు గట్లనే ఉన్నవ్."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నవ్వారు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "అవ్వ సకినాలు పంపింది" అని డబ్బా అందించింది. "అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది" అంది హాసిని. చేతులు మాత్రం విడవలేదు. హాసిని బొటనవేలు శాలిని మణికట్టు మీద మెల్లగా కదులుతోంది.

బండి కదిలింది. శాలిని నాలుగడుగులు పక్కనే నడిచి, చెయ్యి వదిలింది. హాసిని తలుపులోంచి వంగి ఏదో గట్టిగా అంది. సరిగ్గా అప్పుడే పక్క పట్టాల మీద బొగ్గు బండి కూత వేస్తూ పోయింది. ఆ మాట వినబడలేదు. శాలిని విన్నట్టే తల ఊపింది, చెయ్యి ఊపింది, చివరి పెట్టె మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.

ఏమన్నావని ఆ తర్వాత ఫోన్లో అడగొచ్చు. ప్రతిసారీ అడుగుదామనే అనుకుంటుంది. ఇంతవరకు అడగలేదు.